ఊ కొట్టిన మనిషి

ద్వారకా నగర్, విశాఖపట్నం
12 జులై 2025

పెద్దమ్మమ్మకి యశస్విని నమస్కారాలు.

ఉత్తరం రాయడం నాకు ఇదే మొదలనుకో. స్కూల్లో సెలవుచీటీ తప్ప కాగితం మీద ఎవరికీ ఏమీ రాసిన పాపాన పోలేదు. హాస్టల్ కింద కొట్లో పోస్టు కవరు ఉందా అని అడిగితే కొట్టతను నన్ను ఎగాదిగా చూశాడు. అమ్మే చెప్పింది, "గొంతు ఆపరేషన్ అయ్యాక పెద్దమ్మమ్మకి ఫోను చేసి ఏం లాభం, ఆవిడకి మాట రాదు. వాట్సాప్ ముట్టుకోదు. ఏదైనా అడగాలంటే ఉత్తరం రాయి, జవాబు రాస్తుంది" అని.

ఇంతకీ విషయం. మా చరిత్ర శాఖలో పాత బ్యాచ్‌ల వాళ్లు తాతయ్య మీద ప్రాజెక్టులు చేశారు కదా. ఆయన టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించి, ఆయన తిరిగిన ఊళ్లకి మ్యాపులు గీసి ఒక వెబ్‌సైట్ పెట్టారు. అది ఉన్న సర్వర్ పాతదైపోయిందట, ఈ నెలాఖరుకి ఆపేస్తున్నారు. ఆపేస్తే అంతా గాల్లో కలిసిపోతుంది. అందుకని నేనూ, నవీన్ అని మా క్లాసతనూ, ఇంకో ఇద్దరూ కలిసి దాన్ని కొత్తచోటికి మార్చే పని నెత్తికెత్తుకున్నాం. నాయకురాలిని నేనే. మనవరాలివి కదా అని అందరూ నన్నే ముందుకి తోశారు.

కొత్త పేజీ మొదట్లో ఇలా రాశాం, బాగుందో లేదో చెప్పు: "ప్రొఫెసర్ జగ్గారావు చరిత్ర పాఠం చెప్పారు, జీవితమంతా పౌరహక్కుల కోసం తిరిగారు. గుడిసెలు పోయినవాళ్ల దగ్గరికి, పోలీసులు పట్టుకెళ్లినవాళ్ల ఇళ్లకి వెళ్లి వాళ్ల మాటలు రికార్డు చేశారు. ఏ ఊరు వెళ్లినా ఆయన మొదట అడిగే మాట ఒకటే: ఇక్కడ ఉండాల్సినవాళ్లలో ఎవరు లేరు?" ఆ చివరి మాట పెద్దక్షరాల్లో పెట్టాం. చూసినవాళ్లందరికీ ఒళ్లు జలదరించిందట.

నాకు కావలసింది ఒకటే. అసలు క్యాసెట్లు నీ దగ్గరేమైనా ఉన్నాయా? తగరపువలస బస్సెక్కి ఈ ఆదివారం నేనే వద్దామనుకున్నాను గాని ఇంటర్నల్ పరీక్షలు. వచ్చే ఆదివారం తప్పకుండా వస్తాను.

నీ
యశూ


తగరపువలస
18 జులై 2025

ఏమే యశూ,

నీ ఉత్తరం చేరింది. అక్షరాలు కోడి కెలికినట్టున్నాయి గాని, రాశావు, అదే పదివేలు. ఇంటావిడ ధనలక్ష్మి కవరు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది, కోర్టు నోటీసేమో అనుకుని. మా ఇంటికి కవరొస్తే నోటీసే అనుకోవడం ఆవిడకీ అలవాటైపోయింది.

ఫోను సంగతి ఎత్తావు కాబట్టి చెబుతాను. గొంతు పోకముందు కూడా మా ఇంట్లో ఫోను అలంకారమే. ఎవరో వింటున్నారని మీ తాతయ్యకి గట్టి నమ్మకం. ముఖ్యమైన మాటేదైనా కాగితం మీదే. ఫోను మోగితే నేనే తీసేదాన్ని. నా గొంతు పుట్టుకతోనే బొంగురు. "హలో" అనగానే అవతలివాళ్లు "జగ్గారావు గారూ, నమస్కారమండీ" అనేవాళ్లు. ఆ వినేవాళ్లెవరో వాళ్లకీ మా ఇద్దరిలో ఎవరు ఎవరో తెలిసి ఉండదు. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వితే మాత్రం చప్పుడు రాదు, మెడ దగ్గర కన్నంలోంచి గాలి వస్తుంది.

క్యాసెట్లు లేవే. హుద్‌హుద్ తుపానులో కిటికీ రెక్కలు ఎగిరిపోయి, అల్మారాలోకి నీళ్లు వచ్చేశాయి. ఎండలో పెట్టినా బూజు పట్టి అతుక్కుపోయాయి. పిల్లలు అంతకుముందే కంప్యూటర్లోకి ఎక్కించారు కదా అని ధైర్యంగా ఉండిపోయాం. ఇప్పుడు ఉన్నవంటే మీ దగ్గరున్నవే. జాగ్రత్త.

నాక్కూడా ఒకటి కావాలి. గురువమ్మ చెప్పింది ఉంటుంది చూడు. సముద్రం ఒడ్డున వాళ్ల గుడిసెలు తీయించేసినప్పుడు అడ్డం పడ్డాడని ఆమె మొగుడు గంగరాజుని పట్టుకెళ్లి, ఎక్కడ పెట్టారో కూడా చెప్పలేదు. తిరిగొచ్చాక అతని కుడిచెయ్యి వల లాగడానికి పనికి రాలేదు. ఆ కథ ఆమె చెప్పింది. అది నాకు పంపించు. మిగతావేవీ అక్కర్లేదు. గొంతు లేనిదాన్ని కదా, గొంతులు వినాలనిపిస్తోంది.

నువ్వు వస్తానన్న ఆదివారం కోసం కొర్రమీను తెప్పించనా, వద్దా? నువ్వు వచ్చేదాకా నమ్మకం లేదు, తెప్పించను.

పెద్దమ్మమ్మ


ద్వారకా నగర్
2 ఆగస్టు 2025

పెద్దమ్మమ్మా,

గెలిచాం! మొన్న ముప్ఫై ఒకటిన సర్వర్ ఆపేశారు. అంతకుముందే మొత్తం కొత్తచోటికి చేర్చేశాం. మా హెచ్ఓడీ అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. పేపరువాళ్లు కూడా వచ్చి ఫోటో తీసుకున్నారు. తాతయ్య ఉంటే ఎంత సంతోషించేవారో.

నువ్వడిగిన గురువమ్మ టేపు ఈ కవర్లో పెన్‌డ్రైవ్‌లో పెట్టి పంపుతున్నాను. టీవీ వెనక పెడితే వినిపిస్తుంది, ధనలక్ష్మి గారిని అడుగు. నువ్వు ఎందుకు అడిగావో నాకు అర్థమైంది పెద్దమ్మమ్మా. తాతయ్య గొంతు వినాలని కదా. చెప్పుకోలేదు గాని, ఉత్తరంలోనే తెలిసిపోయింది. అందుకే దీన్ని అన్నిటికంటే ముందు శుభ్రం చేయించాను. పాత టేపులో గాలి, కెరటాల హోరు, కోళ్లు, పిల్లల ఏడుపులు, ఒకటే రొద. ఇప్పుడు విను. తాతయ్య నీ పక్కన కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

విని ఎలా ఉందో రాయి. ఆదివారాలు మాట తప్పానని కోపం తెచ్చుకోకు. ఈ గొడవ అయిపోయింది కదా, ఇక వస్తాను.

నీ
యశూ


తగరపువలస
9 ఆగస్టు 2025

యశూ,

పెన్‌డ్రైవ్ అందింది. ధనలక్ష్మి దాన్ని టీవీకి పెట్టడానికి నానా తంటాలూ పడింది. మొదట ఆవిడ కూతురి పెళ్లి వీడియో వచ్చింది, తర్వాత ఏదో భక్తి పాట. చివరికి మీ తాతయ్య వచ్చారు.

ఆయన గొంతు బాగుంది. నిజమే, పక్కన కూర్చున్నట్టే ఉంది. ధనలక్ష్మి కళ్లు కూడా తుడుచుకుంది. రెండుసార్లు విన్నాను.

ఒక సందేహం. అందులో గురువమ్మ ఒకచోట పకపకా నవ్వుతుంది. దేనికి నవ్విందో తెలియలేదు. అంతకుముందు ఎవరో ఏదో అని ఉండాలి కదా. ఇంకోటి. ఆయన "మీ భర్తను ఏ సమయంలో అదుపులోకి తీసుకున్నారు" అని అడగ్గానే గురువమ్మ గబుక్కున "కోడి కూసిన ఏళకి" అంది. ఆ మాట అంత గబుక్కున ఆమెకి అర్థమైందంటావా? నాకు నమ్మకం లేదు.

నువ్వు పంపింది సగమేనేమో చూడు. మిగతా సగం కూడా ఉంటే పంపించు. తొందరేం లేదు గాని, పంపించు.

గొంతు దగ్గర గొట్టం మార్చడానికి పెద్దాసుపత్రికి వచ్చే బుధవారం రావాలి. నువ్వు క్లాసుల్లో ఉంటావులే, నేనూ ధనలక్ష్మీ వెళ్లి వచ్చేస్తాం.

పెద్దమ్మమ్మ


ద్వారకా నగర్
20 ఆగస్టు 2025

పెద్దమ్మమ్మా,

ఆసుపత్రికి వచ్చి వెళ్లారని అమ్మ చెబితే సిగ్గేసింది. ఆ రోజు మాకు సెమినార్, నీ ఉత్తరం మర్నాడు గాని అందలేదు. నాకు ఒక్క మెసేజ్ పెట్టించి ఉంటే పరుగెత్తుకొచ్చేదాన్ని.

నీ సందేహాలకి జవాబు. నేను పంపింది సగం కాదు, మొత్తమే. నీకు అలా అనిపించడానికి కారణం ఉంది, చెబుతాను. నవీన్ దగ్గర కొత్త సాఫ్ట్‌వేర్ ఉంది. దానికి ముందు తాతయ్య గొంతు నేర్పించాం, ఆయన మీటింగుల్లో మాట్లాడినవి వినిపించి. ఆయన గొంతు ఎక్కడున్నా, ఎంత సన్నగా ఉన్నా పట్టుకుని ఉంచేస్తుంది. సాక్షి గొంతూ ఉంచుతుంది. మిగతాదంతా తీసేస్తుంది. ఈ రూలు పెట్టింది నేనే, ప్రొఫెసర్ ఉండాలి, సాక్షి ఉండాలి, అంతే అని.

ఆ టేపుల్లో చాలావాటిలో మధ్యలో ఎవరో ఒకావిడ ఉంది. పాత బ్యాచ్ వాళ్లు "సహాయకురాలు" అని రాసి వదిలేశారు. తాతయ్య చక్కగా అడిగిన ప్రశ్ననే ఆవిడ మళ్లీ పల్లెటూరి మాటల్లో అడగడం, సాక్షి మాట్లాడుతుంటే మాటమాటకీ ఊ, ఊ, ఊ అనడం. నవీన్ అయితే "ఈ ఊలతోనే సగం టేపు నిండిపోయింది" అని తల పట్టుకున్నాడు. అన్నీ తీయించేశాం. ఇప్పుడు ప్రశ్న, జవాబు, ప్రశ్న, జవాబు, ఎంత నీటుగా వచ్చిందో. ఢిల్లీ వాళ్లూ, విదేశాల వాళ్లూ కూడా వింటారు కదా, కొంచెం పద్ధతిగా ఉండాలి.

నిజానికి ఆవిడెవరో పేరు దొరికితే కింద కృతజ్ఞతల్లో వేద్దామనుకున్నాం. ఎవరో నీకు తెలుసా?

నీ
యశూ


తగరపువలస
25 ఆగస్టు 2025

యశస్వినికి,

ఎవరో తెలుసా అని అడిగావు. తెలుసు. నేనే.

నీ ఉత్తరం చదివి మడిచి పెట్టేశాను. జవాబు రాయకూడదనే అనుకున్నాను. కడుపు రగిలిపోతుంటే ఊరుకోవడం నాకు చేతకాదు, గొంతు ఉన్నప్పుడూ చేతకాలేదు.

మీ తాతయ్య చదువుకున్న మనిషి. సభల్లో మాట్లాడితే చప్పట్లే. గురువమ్మ గుడిసెలో చాప మీద కూర్చుని కూడా అదే ధోరణి. "సంఘటన జరిగినప్పుడు మీరు ఎక్కడ ఉన్నారు" అన్నారు. గురువమ్మ నా మొహం చూసింది. "ఏటంతన్నారమ్మా ఈ పంతులుగారు?" అంది. "మీ ఆయన్ని అట్టుకెల్లినప్పుడు నువ్వెక్కడున్నావే అని అడగతన్నారు" అన్నాను నేను. "అలగడగొచ్చు కదేటి, కోర్టులోలాగ ఏటా మాటలు" అని ఆమె నవ్వింది. అదీ నువ్వు పంపినదాంట్లో ఎందుకు నవ్విందో తెలియని నవ్వు.

తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. నాలుగు ముక్కలు చెప్పి ఆగిపోయింది. ఈయన తలొంచుకుని రాసుకుంటున్నారు. "ఎవులూ ఊ కొట్టకపోతే నాను సెప్పను. మీరు ఇంతన్నారో నేదో నాకెలగ తెలుస్తాది?" అంది. అప్పట్నుంచి ఊ కొట్టడం నా పని. గురువమ్మ దగ్గరే కాదు, ఆయన తిరిగిన ప్రతి ఊళ్లోనూ. ఊ అంటే ఉత్త చప్పుడనుకున్నావా? మొగుణ్ణి పోలీసులు కొట్టిన సంగతి ఆడది పరాయి మగాడి ముందు చెప్పుకోవాలంటే, పక్కన ఇంకో ఆడది ఊ కొడుతూ ఉండాలి. అది చెప్పక్కర్లేదులే అమ్మా, నాకర్థమైంది అని చెప్పడానికి కూడా ఊ అనేదాన్ని. ఏడవకు, నేనున్నాను అని ఒక ఊ ఉంటుంది, అది వేరు.

ఏ రిపోర్టులోనూ నా పేరు లేదు. నేను అడగలేదు. టేపుల్లో ఉన్నాను కదా అనుకున్నాను.

పల్లెటూరి మాటలన్నావు. మీ అమ్మవి ఏ మాటలే? నువ్వు హాస్టల్లో చేరేదాకా "నాను రాను, నాను తినను" అని నా కొంగు పట్టుకు తిరిగిన గుంటవి. ఇప్పుడు నీకు పద్ధతి కావలసొచ్చింది.

ఆపరేషన్‌కి ముందు డాక్టరు, మంచివాడు పాపం, "అమ్మా, రేపట్నుంచి గొంతు ఉండదు. ఇంట్లోవాళ్ల కోసం నాలుగు మాటలు రికార్డు చేసి ఉంచుకోండి" అన్నాడు. "అక్కర్లేదు బాబూ, నా గొంతు పిల్లల దగ్గర భద్రంగా ఉంది" అని చెప్పాను.

అసలువి ఉన్నాయా? ఉంటే ఉన్నాయని రాయి. లేకపోతే లేవని రాయి. డొంకతిరుగుడు వద్దు.

రామలక్ష్మమ్మ


ద్వారకా నగర్
14 సెప్టెంబర్ 2025

పెద్దమ్మమ్మా,

లేవు.

డొంకతిరుగుడు వద్దన్నావు కాబట్టి ముందే రాసేశాను. కొత్తచోట జాగా సరిపోలేదు. శుభ్రం చేసినవి పెట్టి పాతవి తీసేయమని నేనే చెప్పాను. నవీన్ "అసలువి కూడా ఉంచుకుందామా" అని అడిగాడు. "రెండేసి కాపీలు ఎందుకు, బాగున్నవి ఉంచుదాం" అన్నాను. ఆ మాట అన్నది నేనే పెద్దమ్మమ్మా. వాడిని ఏమీ అనకు.

సర్వర్ గదికి వెళ్లాను. ఆ యంత్రాన్ని పాతసామాన్ల వాళ్లకి ఎప్పుడో ఇచ్చేశారట. మొదట టేపులు ఎక్కించిన బ్యాచ్‌లో సాయిశంకర్ అని ఒకతను ఇప్పుడు హైదరాబాద్‌లో ఉద్యోగం. ఫోను చేశాను. పాత లాప్‌టాప్ ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేశాడట. "మీ దగ్గర ఉన్నాయి కదా అని ఇచ్చేశాను" అన్నాడు. అందరం ఒకరి మీద ఒకరం ధైర్యంగా ఉండిపోయాం.

ఇంకో మాట చెప్పాలి. నువ్వు అడగలేదు గాని చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నేను ఆ టేపుల్లో ఒక్కటి కూడా మొదట్నుంచి చివరిదాకా వినలేదు. మొదట కొంచెం, చివర కొంచెం విని బాగుంది అనేదాన్ని. విని ఉంటే నీ గొంతు నాకు తెలియదా? నన్ను జోకొట్టి నిద్రపుచ్చిన గొంతు.

గురువమ్మ దగ్గరికి కూడా వెళ్లాను. ఇప్పుడు ఫిషింగ్ హార్బర్ పైన కాలనీలో ఉంటోంది. గంగరాజు పోయి చాలా ఏళ్లయిందట. మళ్లీ ఒకసారి చెప్పించుకుని రికార్డు చేద్దామని నా ఆశ. ముందు పాతది ఫోన్లో వినిపించాను. చెవికి ఆనించుకుని కాసేపు విని, ఫోను దూరంగా పట్టుకుని చూసింది.

"ఇదేటమ్మా, నాను గోడతో మాటాడతన్నానేటి? పిచ్చిదానిలాగున్నాను" అంది. "ఆయమ్మేదీ? నా పక్కనే కూకుంది కదా. నా సెయ్యి కూడా అట్టుకుంది. ఆయమ్మని ఏటి సేసినారు?"

చెప్పాను. నీ ఆపరేషన్ సంగతీ చెప్పాను. కొంగు నోట్లో పెట్టుకుంది. మళ్లీ చెప్పమని అడిగితే "ఎవులు ఊ కొడతారు, నువ్వా?" అంది. కొడతానన్నాను. మొదలుపెట్టింది. నేను ఊ అన్నాను. ఆమె మాట మధ్యలో ఉండగానే అన్నాను. ఇంకోసారి అనాల్సిన చోట అనలేదు, రికార్డు అవుతోందో లేదో అని ఫోను వంక చూస్తున్నాను. ఆమె ఆపేసింది. "నీకు ఇనడం రాదే గుంటా" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. ఎండుచేపలు పొట్లం కట్టి ఇచ్చి పంపేసింది.

నీ దగ్గరికి రావాలనుంది. ఏ మొహం పెట్టుకుని రాను?

యశూ


ద్వారకా నగర్
2 అక్టోబర్ 2025

పెద్దమ్మమ్మా,

నువ్వు జవాబు రాయలేదు. రాయవని నాకు తెలుసు. అమ్మని అడిగితే "మీ ఇద్దరి మధ్య నన్ను లాగకు" అంది. బస్‌స్టాండుకి రెండుసార్లు వెళ్లి, తగరపువలస బస్సు కదిలేదాకా నిలబడి, వెనక్కి వచ్చేశాను.

ఇవాళ మాత్రం సంతోషంగా రాస్తున్నాను. ఒకటి దొరికింది!

సాఫ్ట్‌వేర్ ఎక్కడో ఒకచోట పొరపాటు పడి ఉండకపోతుందా అని నేనూ నవీన్ కూర్చుని గురువమ్మ టేపు మొత్తం విన్నాం. ఈసారి నిజంగా మొదట్నుంచి చివరిదాకా. ఆ తర్వాత మళ్లీ మొదట్నుంచి. గంగరాజు ఇంటికి తిరిగొచ్చి, అన్నం ముద్ద కలపబోతే వేళ్లు ముడుచుకోలేదని గురువమ్మ చెబుతుంది చూడు, అక్కడ ఆమె ఏడుపు ఆపుకోలేక ఆగిపోతుంది. చాలాసేపు ఏమీ ఉండదు. అప్పుడు, పెద్దమ్మమ్మా, ఒక ఊ! చాలా సన్నగా. బొంగురుగా, చివర కొంచెం సాగుతూ. అది విన్నాక గురువమ్మ ముక్కు చీది మళ్లీ మొదలుపెడుతుంది.

నువ్వు రాశావు కదా, ఏడవకు నేనున్నాను అనే ఊ వేరని. అదే ఇది. నవీన్‌కి మళ్లీ వినిపించి "మా పెద్దమ్మమ్మ" అన్నాను. వాడు హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయాడు.

అది ఒక్కటే విడిగా తీసి, కొంచెం గట్టిగా వినపడేలా చేసి పంపుతున్నాను. ఇంకేమీ ముట్టుకోలేదు, ఒట్టు. దాని కింద నీ పేరు వేసి వెబ్‌సైట్‌లో అన్నిటికంటే పైన పెడతాను. నువ్వు ఊ అంటే చాలు... చూడు, ఏం రాస్తున్నానో. నువ్వు సరేనని రాస్తే చాలు.

నీ
యశూ


తగరపువలస
9 అక్టోబర్ 2025

యశూ,

జవాబు రాయనిది నీ మీద కోపంతో మాత్రమే కాదు. గొట్టం దగ్గర చీము పట్టి ఆసుపత్రిలో ఉన్నాను. నీకు చెప్పొద్దని మీ అమ్మతో అన్నాను, నువ్వు పరుగెత్తుకొస్తావని. ఇప్పుడు బాగానే ఉంది. ఇన్నాళ్లూ రాలేదని ఏడుస్తావు కాబట్టి ముందే చెబుతున్నాను, ఈ దఫా తప్పు నాదే.

గురువమ్మ వచ్చింది. నువ్వు చెప్పిన మాటే తలుచుకుని, ఎవరినో అడిగి బస్సెక్కి, మార్కెట్ దగ్గర దిగి వెతుక్కుంటూ వచ్చింది. గుమ్మంలోనే నా మెడకేసి చూసి "ఓలమ్మా, ఏటిది" అని కూలబడిపోయింది. అన్నం తిన్నాక తన కొడుకు సంగతి చెప్పడం మొదలుపెట్టింది, కోడలి సంగతి, పడవ బాగుచేయించిన సంగతి. కొంతసేపటికి ఆగి, "ఊ కొట్టవేటమ్మా, ఇంతన్నావా నేదా?" అంది అలవాటు కొద్దీ. అని, నోరు మూసుకుని నా ఒళ్లో తలపెట్టి ఏడ్చింది. ఏమీ అనలేకపోయాను. ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. గొంతు పోయినందుకు నేను ఏడ్చింది ఆ రోజే.

ఇక నువ్వు పంపిన ఊ. ధనలక్ష్మి టీవీకి పెట్టింది. ఒక్కసారి వినగానే తెలిసింది. మళ్లీ పెట్టమన్నాను, తెలియక కాదు.

అది నాది కాదే. మీ తాతయ్యది.

నాదేనని రాసేద్దామనుకున్నాను. నువ్వు అంత సంతోషపడ్డావు, ఒక అబద్ధంతో ఏం పోతుంది అనుకున్నాను. ఉత్తరం సగం రాసి చింపేశాను కూడా. కానీ ఆయన పేజీలో అబద్ధం ఉంటే ఆయన ఊరుకోరు, చచ్చిపోయినా ఊరుకోరు.

ఆ రోజు అన్నం ముద్ద దగ్గర గురువమ్మ ఆగిపోయినప్పుడు, ఆమెకి నీళ్లు తెద్దామని నేను లేచి గుడిసె వెనక కుండ దగ్గరికి వెళ్లాను. ఊ కొట్టేవాళ్లు లేరు. ఆమె చెప్పడం లేదు. ఈయనకి ఏం చెయ్యాలో తోచలేదు. చెంబులో నీళ్లు ముంచుతూ నేను విన్నాను, ఈయన ఊ అన్నారు. చివర సాగదీసి, ఏదో ప్రశ్న అడుగుతున్నట్టు. జీవితంలో మొదటిసారి కొట్టిన ఊ అది. దారిలో "పంతులుగారికి ఊ కొట్టడం వచ్చిందే" అని ఆటపట్టిస్తే సిగ్గుపడిపోయారు. "నువ్వు లేవు కదా మరి" అన్నారు.

మీ యంత్రానికి ఆయన గొంతు నేర్పించారన్నావు కదా. అందుకే అది ఉంచింది. పొరపాటేమీ పడలేదు, మీరు చెప్పినట్టే చేసింది. ఆ మొత్తం టేపులో నేను లేని చోటు అదొక్కటే, మిగిలిందీ అదే. టీవీ ముందు కూర్చుని ఎంతసేపు దాని గురించే ఆలోచించానో. కోపం తెచ్చుకుందామంటే కోపం రాలేదు. దిగులు వచ్చింది, అంతే.

అది పేజీలో ఉంచు, ఆయన పేరుతోనే. నా కోసం ఇంక వెతకొద్దు, నవీన్‌ని కూడా మానెయ్యమను. కృతజ్ఞతల్లో నా పేరు వెయ్యొద్దు. మొదట్లో పెద్దక్షరాలతో ఒక మాట పెట్టారే, ఇక్కడ ఉండాల్సినవాళ్లలో ఎవరు లేరు అని, దాని కింద జవాబు రాయండి. "రామలక్ష్మమ్మ. ప్రశ్నలు మళ్లీ అడిగింది, ఊ కొట్టింది. మేము చెరిపేశాం" అని రాయండి. ఢిల్లీ వాళ్లూ విదేశాల వాళ్లూ కూడా చదువుతారు. మీకు సిగ్గుగా ఉంటుంది, తెలుసు. అయినా రాయండి, మీ తాతయ్య ఎవరి మీదైనా రిపోర్టు రాస్తే అలాగే రాసేవారు.

బస్‌స్టాండుకి వచ్చి వెనక్కి పోవడమేంటే, పిచ్చిదానా. ఈ ఆదివారం రా. కొర్రమీను చెప్పేశాను, నువ్వు రాకపోతే ధనలక్ష్మి తింటుంది. వచ్చి నా పక్కన కూర్చో. కాలేజీ సంగతులు, హాస్టలు సంగతులు, నీ మనసులో ఉన్నవీ అన్నీ చెప్పు. నేను వింటాను. ఊ కొట్టడం లేదని మాత్రం మధ్యలో ఆపకు.

నీ
పెద్దమ్మమ్మ